ఉత్తరాల్లో లేని మా వీధి

మా మేడమీది వాటాలో రెండేళ్ల మూడు నెలలు అద్దెకున్న డచ్చి కుటుంబం దేశం వెళ్లిపోయిన నాలుగు నెలలకు, ఆ ఇంటి ఇల్లాలు నాకు ఈమెయిల్లో ఒక పెద్ద కట్ట పంపింది. ఇక్కడున్న కాలంలో తన తల్లికీ అక్కచెల్లెళ్లకూ సోమవారం సోమవారం రాసుకున్న ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చి, ఇంగ్లీషులోకి మార్చి, "మాష్టారూ, తీరిక ఉన్నప్పుడు చదవండి" అని ఒక ముక్క జతచేసింది. ఎనభై పైచిలుకు ఉత్తరాలు. మూడు రాత్రులు కూర్చుని చదివాను. చిలికా సరస్సు ఉంది. దాని ఒడ్డున రంభ ఊరి దగ్గర పడవ ఇసుకలో కూరుకుపోవడం ఉంది. తప్తపాణి వేడినీటి గుండం, జిరంగ్ బౌద్ధవిహారం, మహేంద్రగిరి మీది పొగమంచు, భీమిలిలో డచ్చివారి సమాధులు, అన్నీ ఉన్నాయి. మేమూ వాళ్లూ కలిసి ఉన్న ఊరు, ఒడిశాలోని ఈ బరంపురం, మాత్రం లేదు.

బొత్తిగా లేదనడం అన్యాయమే అవుతుంది. ఒకచోట కోతులు బట్టలు ఎత్తుకుపోయాయి. ఇంకొకచోట "కింది ఇంటి పెద్దావిడ మళ్లీ ఏదో పంపింది, పిల్లలు తినేశారు" అని ఒక్క వాక్యం ఉంది. ఆ పెద్దావిడ మా అమ్మ. ఎనభై నాలుగేళ్ల వయసులో మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, అన్నాళ్లూ ఆవిడ పైకి చేరవేసిన గిన్నెలన్నీ కలిసి ఆ "ఏదో"లో అణిగిపోయాయి.

నాకు కష్టమే కలిగింది. మర్నాడు పొద్దున్న అమ్మతో చెప్పాను. ఆవిడ చిక్కుళ్లు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే అంది: "కాశీ వెళ్లినప్పుడు నాకు రెండు పేజీల ఉత్తరం రాసేవు. గంగ గురించి రాసేవు, గుడి గురించి రాసేవు. పక్కనే ఉన్న నీ పెళ్లాం గురించి ఒక్క ముక్క రాసేవేటిరా?"

రాయలేదు. ఆ జవాబు నన్ను కొన్ని వారాల పాటు వదలలేదు. ఈ వ్యాసం దాని ఫలితమే.

వీధి తీర్పు

వాళ్లు ఇక్కడున్నప్పుడు మా వీధి మొత్తానిదీ ఒకటే అభిప్రాయం, అందులో నాదీ ఉంది. గోపాల్‌పూర్ వైపు ఒక కర్మాగారంలో యంత్రాలు నిలబెట్టే ఉద్యోగం ఆ ఇంటాయనది. శుక్రవారం సాయంత్రం మెట్ల మీద ఐసుపెట్టె దిగేది, శనివారం తెల్లవారకముందే గేటు దగ్గర తెల్ల కారు ఆగేది, ఆదివారం రాత్రికి ఎర్రమట్టి కొట్టుకున్న అదే కారు తిరిగి వచ్చేది. వీళ్లకు మన దేశం ఒక పెద్ద సెలవుల సంచి అనుకునేవాళ్లం. ఎదురింటి ఒడియా మిత్రుడు, పదవీ విరమణ చేసిన గుమాస్తా, అనేవాడు: మొక్కను వారానికోసారి పీకి వేరే చోట నాటితే వేరు ఎప్పుడు పట్టాలి? నేనూ తల ఊపేవాణ్ణి. ఒక ఊరు తెలియాలంటే అందులో కదలకుండా ఉండాలన్నది మా ఇద్దరి సిద్ధాంతం, కదలకుండా ఉండటంలో మేమిద్దరం సిద్ధహస్తులం గనుక.

ఇప్పుడు నా అభిప్రాయం మారింది. వాళ్లు వారం వారం ఊరు విడిచి వెళ్లడం వల్లనే ఈ ఊరివాళ్లయ్యారని, కనీసం ఆ మేరకు అయ్యారని, అనుకుంటున్నాను. ఎందుకు అనుకుంటున్నానో చెప్పాలంటే ముందు వాళ్లు ఎక్కడికీ వెళ్లని ఆరు నెలల గురించి చెప్పాలి.

మొదటి ఆరు నెలలు వాళ్లు ఇల్లు కదలలేదు. ఎండ, కొత్త నీళ్లు, చిన్నవాడి కడుపు, భాష. దేని భయం దానిది. ఆయన పొద్దున్నే పనికి పోయేవాడు. ఆవిడ ఆశ్రిత వీసా మీద వచ్చింది గనుక ఇక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. దేశంలో పదేళ్లు ఉద్యోగం చేసిన మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మేడ మీద నడుస్తూ ఉండేది. కింద గదిలో కూర్చున్న నాకు ఆ అడుగుల చప్పుడు వినిపించేది. కరెంటు పోయిన ప్రతిసారీ ఇన్వర్టరు ఎందుకు ఇంతసేపే వస్తుందని మెట్ల మీద నిలబడి నన్ను అడిగేది, అది ప్రశ్నో నిందో నాకు తెలిసేది కాదు. అన్నాళ్లూ వాళ్లు కదలకుండానే ఉన్నారు. మా సిద్ధాంతం ప్రకారం వేరు పట్టాల్సిన రోజులవి. పట్టలేదు సరిగదా, అప్పుడు ఆ వాటా ఒక లాడ్జి గదిలా ఉండేది, సామాను సగం పెట్టెల్లోనే.

తరువాత ఒక ఆదివారం డ్రైవరు బలవంతం మీద తప్తపాణి వెళ్లారు. రాత్రి తిరిగి వస్తూ దిగపహండి దాటాక చిన్నవాడు నిద్రలోంచి లేచి ఎక్కడికి వెళ్తున్నామని అడిగాడట. "ఇంటికి" అని తల్లి డచ్చిలో చెప్పిందట. ఆ మాట వాళ్ల భాషలో మా ఊరి గురించి అనడం అదే మొదటిసారి అయి ఉంటుందని నా ఊహ. వెళ్లడానికి ఒక చోటు దొరికాకే, తిరిగి రావడానికి ఇంకొక చోటు ఉందని తెలిసింది.

మోటారు

ఈ ఊహకు నా దగ్గరున్న సాక్ష్యం చాలా చిన్నది. మా ఇంట్లో నీళ్లు సంపులోకి వస్తాయి, అక్కడి నుంచి మోటారు వేసి పైన ట్యాంకులోకి ఎక్కించుకోవాలి. వేసవిలో సాయంత్రం ఏడు దాటితే వోల్టేజి పడిపోయి మోటారు గుర్రుమంటుందే గాని నీళ్లెక్కవు. ఆదివారం రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో వచ్చే కుటుంబానికి దుమ్ము కొట్టుకున్న ఒళ్లు కడుక్కోవడానికి నీళ్లుండవు. రెండుసార్లు ఆ అవస్థ పడ్డాక ఒక ఏర్పాటు కుదిరింది. చిలికా వైపు నుంచి వస్తే ఛత్రపురంలో, కొండల వైపు నుంచి వస్తే దిగపహండిలో, కారులోంచి చిన్నవాడు మా ఇంటికి ఫోను చేసేవాడు. హలో అనేవాడు కాదు. "మామ్మా, మోటార్ వెయ్యి" అనేవాడు. వాడికి తెలిసిన పూర్తి తెలుగు వాక్యం అదొక్కటే, అందులో ఒక్క తప్పూ లేదు. అమ్మ గోడ పట్టుకుని లేచి స్విచ్చి వేసి, ట్యాంకు నిండి పొంగేదాకా అరుగు మీద కూర్చునేది.

ఎనభై ఉత్తరాల్లో ఆ మోటారు లేదు. అక్కడ లేకపోవడమే నాకిప్పుడు అర్థవంతంగా కనిపిస్తోంది. డాల్ఫిన్‌ను చూసి తల్లికి రాసుకుంటారు గాని, ట్యాంకులో నీళ్లున్నాయని ఎవరు రాస్తారు? డల్లాస్‌లో ఉన్న మా అన్నగారి అబ్బాయి ఫోనులో ఎప్పుడూ లోయల గురించీ జలపాతాల గురించీ చెబుతాడు. పక్కింటి మనిషి ఎవరని అడిగితే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. దాన్ని నేను ఇన్నాళ్లూ వాడి పరాయితనం అనుకున్నాను. ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను.

ఇంకొక సంగతి చదివేటప్పుడు తట్టలేదు, తేదీలు వరసగా పేర్చుకున్నాక తట్టింది. ఇల్లు కదలని ఆ మొదటి ఆరు నెలలూ, వాళ్లు వేసవిలో దేశం వెళ్లిన వారాలూ తీసేస్తే, ఉత్తరం లేని సోమవారం ఒక్కటే ఉంది. అది తుఫాను హెచ్చరిక వచ్చి ప్రయాణం మానుకున్న వారం. శనివారం మధ్యాహ్నం నుంచే కరెంటు తీసేశారు. నలుగురూ కిందికి దిగి వచ్చి మా వసారాలో చాపల మీద కూర్చున్నారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా పెరటి మామిడి ఎలా కూలిందో నేను చెప్పాను. దాని మోడు మీదే ఇప్పుడు బట్టలు ఉతికే బండ ఉంది. ఆయన చాలాసేపు ఊరుకుని, 1953లో ఉత్తర సముద్రం కట్టలు తెంచుకుని వాళ్ల దేశంలో 1,836 మందిని పొట్టన పెట్టుకున్న రాత్రి గురించి చెప్పాడు. ఆ రాత్రి వాళ్ల నాయనమ్మ అటక మీద కూర్చుని బతికిందట. అమ్మకు నేను తెలుగులో చెప్పాను. ఆవిడ "పాపం, చలి కూడాను" అంది. ఆ తరువాత లాంతరు వెలుగులో అష్టాచెమ్మా. తుఫాను పక్కకు తిరిగిపోయింది, వాన మాత్రమే మిగిలింది. ఆదివారం కూడా వాళ్లు అక్కడే ఉన్నారు. మర్నాడు రాయడానికి ఏమీ లేకపోయింది కాబోలు.

ఫారం సి

కదలకుండా ఉంటే ఊరివాళ్లమవుతామన్న సిద్ధాంతం తప్పని నాకు వాళ్ల కంటే ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే నేనే దానికి రుజువును. అప్పట్లో విదేశీయులను ఇంట్లో పెట్టుకున్నవాళ్లు 24 గంటల్లోగా వాళ్ల వివరాలతో ఫారం సి పంపాల్సి ఉండేది. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవాళ్లు 14 రోజుల్లోగా నమోదు చేయించుకోవాల్సి ఉండేది. ఆ కాగితాల పని మీద నేను ఒక కార్యాలయానికి వెళ్లాను. బల్ల వెనక ఉన్న యువకుడు డచ్చివారి పాస్‌పోర్టులు రెండు నిమిషాల్లో తిప్పేసి, నా ఇంటిపేరు దగ్గర ఆగాడు.

"మీ ఊరు?" అని ఒడియాలో అడిగాడు.

"బరంపురమే."

"అది కాదు. అసలు ఊరు?"

మా తాత తండ్రి కట్టిన ఇంట్లోనే నేను పుట్టానని, ఆ ఇల్లు కట్టేనాటికి మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేదని, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మేము గడప దాటకుండానే రాష్ట్రం మారామని, నాకు చేతనైన మంచి ఒడియాలోనే చెప్పాను. ఆ అబ్బాయి మర్యాదగా విన్నాడు. "ఓ, ఆంధ్రా" అన్నాడు. అందులో ద్వేషం ఏమీ లేదు. ఖాళీ గడి ఒకటి నింపుకున్నాడు, అంతే. డచ్చివాళ్లు ఎప్పుడొచ్చారో ఎప్పుడు వెళ్తారో కాగితం మీద ఉంది. నేను ఎప్పుడొచ్చానో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే నేను రాలేదు.

అటు శ్రీకాకుళం చుట్టాల పెళ్లికి వెళ్తే "ఒరిస్సావాళ్లు వచ్చేరు, కుర్చీలు వెయ్యండి" అంటారు. మా మాటలో దొర్లే ఒడియా ముక్కలకు పిల్లలు నవ్వుతారు. కూర్చున్నచోటు కూర్చోవడమే చాలితే, ఇన్ని తరాలుగా కూర్చున్న మాకు ఇటో అటో ఒకచోట పీట దొరికి ఉండాలి.

ఆ కుటుంబం జిరంగ్ వెళ్లినప్పుడు ఒకసారి నన్నూ తీసుకువెళ్లారు. 1963లో టిబెట్టు శరణార్థులకు చంద్రగిరి కొండల్లో ఇచ్చిన భూములవి. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన విహారం ఇప్పుడు వాటి నడుమ మెరుస్తూ ఉంటుంది. ఆవిడ ఉత్తరంలో ఆ విహారం గురించి పేజీన్నర ఉంది. నాకు గుర్తున్నది మాత్రం మొక్కజొన్న పొలం పక్కన చిన్న దుకాణం, అందులో నా ఈడు మనిషి. అతని ఒడియా నా ఒడియా కంటే సాఫీగా ఉంది. మీ ఊరేదని అడగబోయి, ఆ ప్రశ్న నోట్లోనే మింగేశాను. బిస్కట్ల పొట్లం ఒకటి కొనుక్కుని వచ్చేశాను.

పర్లాకిమిడి ప్రయాణంలో డచ్చాయనకు ఒక సందేహం వచ్చింది. మీ వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు ఒడిశాలో ఎందుకుందని అడిగాడు. ఊరు ఉన్నచోటనే ఉంది, గీత వచ్చి ఊరికి అటువైపు పడిందని చెప్పాను. ఆయన తమాషాగా భావించి రాసుకున్నాడు. అక్కడి నుంచి పాతపట్నం కనుచూపు మేర. ఒకప్పుడు ఒకే జమీందారీ. ఇంతకు మించి ఆ ప్రయాణం గురించి చెప్పడానికి లేదు, ఎండ దంచేసింది.

గోఖర్‌కుడా

నేను అరవై మూడేళ్లు ఈ జిల్లాలో ఉండి కూడా చూడనిదాన్ని వాళ్ల వల్ల చూశాను. రుషికుల్యా నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయని పత్రికల్లో చదువుతూనే ఉన్నాను. అక్కడ అంత పెద్ద ఎత్తున పెడతాయని లోకానికి తెలిసింది 1994లోనే. మా ఇంటి నుంచి గంట ప్రయాణం. ఎప్పుడూ వెళ్లలేదు, అది ఎక్కడికీ పోదు గదా అన్న ధీమా.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం తెల్లవారుజామున అమ్మనూ నన్నూ కారెక్కించారు. గోఖర్‌కుడా ఇసుక మీద చీకటి ఇంకా విడలేదు. కుక్కలు రాకుండా వలలు కట్టారు, టార్చిలైట్లు వేయవద్దని ఊరి కుర్రవాళ్లు అరుస్తున్నారు. పిల్ల తాబేలు వెలుతురు ఎటుంటే అటు పోతుంది. చీకట్లో సముద్రమే కాస్త వెలుగ్గా ఉంటుంది గనుక అటు నడుస్తుంది. మన లైటు వేస్తే మన వైపు వచ్చేస్తుంది. ఇసుక ఒకచోట ఉడుకుతున్న అన్నంలా కదిలింది. ముందు ఒక ముక్కు, తరువాత ఒక రెక్క, తరువాత ఒక్కసారిగా పాతిక ముప్పై. ఒక్కొక్కటి రూపాయి బిళ్లలు నాలుగు పేర్చినంత. అమ్మ వంగలేక ఇసుకలో చతికిలబడింది. ఒకటి ఆవిడ చీర కుచ్చిళ్లలో ఇరుక్కుంది. "దారి తప్పేవే తల్లీ" అంటూ, ముట్టుకోకూడదన్నారు గనుక, కొంగు అంచు మెల్లగా లాగి దానికి దారి ఇచ్చింది. అది కాస్సేపు ఆగి, మళ్లీ గీసుకుంటూ పోయింది.

ఆ రోజు ఉత్తరంలో అంతా తాబేళ్లే. వాళ్లు లేకపోతే నేను ఎన్నటికీ అక్కడికి వెళ్లి ఉండేవాణ్ణి కాదని మాత్రం ఒప్పుకోవాలి. స్థానికుడినన్న అహం మనిషిని ఇంట్లో కూర్చోబెట్టే మందు.

డ్రైవరు తమ్ముడు

ఇక్కడి దాకా వచ్చాక నా వాదన నాకు బాగానే కనిపించింది. డ్రైవరుకు చెప్పాను కూడా. ఆ కారులో ఆ రెండేళ్లూ వారం వారం తిరిగిన ఐదో మనిషి అతను. ఉత్తరాల్లో అతనూ లేడు. అతను అంతా విని, "మాష్టారూ, అలాగైతే మా తమ్ముడు సూరత్‌లో పన్నెండేళ్లుగా ఉన్నాడు. వాడికి సూరత్ ఇల్లు అయిందంటారా?" అన్నాడు.

గంజాం జిల్లాలో సూరత్ మరమగ్గాల మీద మనిషి లేని ఊరు వెతికితే గాని దొరకదు. పూరీ–అహ్మదాబాద్ రైలు బరంపురంలో ఆగినప్పుడు జనరల్ పెట్టె దగ్గర నిలబడి చూస్తే సగం జిల్లా ఎక్కుతున్నట్టుంటుంది. పన్నెండు గంటల షిఫ్టు, ఒకే గదిలో పదిమంది, రాత్రి షిఫ్టువాడు లేచిన చాప మీదే పగటి షిఫ్టువాడి పడక. తాపీ నది ఎలా ఉంటుందని తమ్ముణ్ణి అడిగితే, వంతెన మీద నుంచి బస్సులో చూశానన్నాడట. వెళ్లి తిరిగి వస్తేనే చోటు ఇల్లవుతుందని నేను చేసిన సిద్ధాంతానికి ముందు ఒక ఆదివారం కావాలి, ఒక కారు కావాలి, డీజిలుకు డబ్బిచ్చే యజమాని కావాలి. ఒకే పనికి, అంటే సొంత ఊరు వదిలి దూరదేశంలో మగ్గమో యంత్రమో చూసుకోవడానికి, వెళ్లిన ఇద్దరిలో ఒకరిని దొరగారంటాం, ఇంకొకరిని కూలీ అంటాం. నా వాదన మొదటివాడికే చెల్లుతుందా అన్న అనుమానం నన్ను ఇప్పటికీ పీడిస్తోంది. పూర్తిగా తప్పని అనలేను, ఎందుకంటే "మామ్మా, మోటార్ వెయ్యి" అన్న పిలుపును నా చెవులతో విన్నాను. కాని అది ఎవరి ఆదివారం మీద నిలబడి ఉందో చూడకుండా చెప్పిన మాట అది.

మా ఊళ్లో రెండేళ్లకోసారి జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకు ఆ తమ్ముడు ఊరికి వచ్చాడు. ఒక ఆదివారం అన్నదమ్ములిద్దరినీ, అమ్మనూ తీసుకుని రంభ వెళ్లాం. ఈసారి డీజిలు ఖర్చు నాది. తమ్ముడు దారి పొడవునా ఫోనుతో ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. చిలికా ఒడ్డున పడవ, పక్షులు, ఎదురుగా అంత నీరు. అతను వాటి వైపు ఒక్కసారే తిప్పి, టీ దుకాణం దగ్గర ఆకుదొన్నెలో వేసిచ్చిన బొరా (గారె), ఘుగునీ (బఠానీల కూర) రెంటినీ నాలుగు వైపుల నుంచీ తీశాడు. తరువాత దుకాణం వాడి కిరసనాయిలు స్టవ్వు తీశాడు. ఎవరికని అడిగాను. "గదిలో వాళ్లకి. అందరిదీ గంజామే" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఛత్రపురం దగ్గర డ్రైవరు అలవాటు కొద్దీ వేగం తగ్గించి నా వైపు చూశాడు. నేను జేబులోంచి ఫోను తీశాను. వెనక సీట్లోంచి అమ్మ అంది: "ఇంట్లో ఎవరున్నార్రా, మోటారు వెయ్యడానికి?"

ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. మేడ మీద చీకటి, ట్యాంకు ఖాళీ. వీధి చివర బోరింగు నుంచి రెండు బిందెలు మోసి తెచ్చింది ఆ తమ్ముడే. కొట్టడం మొదలుపెట్టేముందు బోరింగుకు కూడా ఒక ఫొటో తీసుకున్నాడు.